పూడ్చిన తమలపాకులు

మా మామగారితో నాకున్న ఇబ్బంది ఒక్కటే. ఆయన కంట చిల్లు పడకూడదు. బనియనుకు పడితే కుడతారు, గొడుగుకు పడితే కుడతారు, గోనెసంచిని కూడా వదలరు. మా ఇంట్లో దోమతెర ఇంకా దోమతెరగానే ఉందంటే, పరుపుచుట్టలో దాక్కుని బతికిపోయిందన్నమాట.

ఆయన పేరు ఆదిమూలం. నగరిలో మగ్గం ముందు పుట్టి పెరిగిన మనిషి. చీరలో ఒక్క పోగు తప్పితే ఆ పూట అన్నం సయించదు. పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో కళ్ళు చూపించుకోవాలని తిరుపతిలో మా ఇంటికి వచ్చారు. చూపు మందగించిందట. అంతగా ఏమీ మందగించలేదని నాకు త్వరలోనే తెలిసొచ్చింది.

నేనప్పుడు ఉద్యోగం వేటలో ఉన్నాను. బి.ఏ. చదివిన దానికి పప్పులో తిరగమోత తప్ప వేరే పని దొరకలేదు. ఇన్నాళ్ళకు ఒక ఆడపిల్లల బడిలో అల్లికలు నేర్పే టీచరు కావాలన్నారు. హెడ్‌మిస్ట్రెస్ ప్రసూనాంబ గారు మూడు ఉన్ని శాలువలు మూడు ఆకారాల్లో స్వయంగా అల్లి తెమ్మన్నారు. తిరుపతి ఎండకు గొర్రె కూడా ఉన్ని వద్దంటుంది. కానీ పాఠ్యాంశాల్లో ఉన్ని అల్లిక ఉంది, చలి సంగతి లేదు.

ఒకటి మూడు మూలలది, ఒకటి అర్ధచంద్రం, ఒకటి పూర్తి గుండ్రం. మూడూ లేసు అల్లికే. సూదికి ఊలు ఒక చుట్టు అదనంగా వేస్తే అక్కడ చిన్న చిల్లు నిలుస్తుంది. ఆ చిల్లుల వరసలే ఆకులూ పూలూ అవుతాయి. అర్ధచంద్రంలోనూ గుండ్రటిదానిలోనూ నడిమి నుంచి తమలపాకులు విచ్చుకునేలా అల్లాను. తీరా తెల్లవారితే బడికి వెళ్ళాలనగా, పాకాలలో మా అమ్మను చూసి సాయంత్రం రైలుకు తిరిగొచ్చాను.

"రామ్మా పంకజాక్షీ, ఇట్లా వొచ్చి సూడు," అన్నారు మామగారు వసారాలోంచి. మా ఆయన తులసీరాం గోడ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. అప్పుడే అనుమానం రావాల్సింది.

గుండ్రటి శాలువ మంచం మీద పరిచి ఉంది.

"యాడన్నా ఒక్క కంత ఉండాదేమో సూడు."

లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు. నేను మిగిల్చిన ఊలుతోనే, అల్లిక వాటం చెడకుండా, ప్రతి చిల్లునూ పూడ్చేశారు. తమలపాకులన్నీ మాయమై గుండ్రటి కంబళి ఒకటి నన్ను చూస్తోంది. గడప మీదే కూలబడ్డాను. అది ఆనందమనుకున్నారాయన.

"ఆ పంతులమ్మ ముందర నీకు తలవంపులు గాకూడదని పొద్దన్నించీ కూసోనుండా. దీనికి మూలల్లేవు, అంచు లేదు, పైగా ఒళ్ళంతా కంతలు. మూడింట్లో దీనికే జబ్బెక్కువ అనుకుంటి. తక్కిన రెండూ అన్నం తినేసి..."

"వద్దు మామా!"

నా అరుపుకు వీధిలో కుక్క లేచి నిలబడింది.

"మీరన్నా చెప్పకూడదా?" అన్నాను మా ఆయనతో.

"నేనొచ్చేసరికే నాయన ఆఖరి కంతలో ఉండాడు," అన్నాడు గోడకే చెప్తున్నట్టు.

మాటలతో అయ్యే పని కాదనిపించింది. అర్ధచంద్రాన్ని తీసి సాయంత్రపు ఎండకు అడ్డంగా పట్టుకున్నాను. గచ్చు మీద తమలపాకులు పరుచుకున్నాయి. మామగారు వంగి చూశారు. గబగబా గుండ్రటి శాలువ ఎత్తి తానూ ఎండకు పట్టారు. గచ్చు మీద పెనమంత నల్లటి నీడ పడింది.

"ఈ కంతలు... నువ్వే పెట్టినావా?"

"నేనే మామా."

"కావాలనే?"

"కావాలనే."

"గుడ్డకా!" ఆయన మంచం పట్టె పట్టుకుని కూర్చున్నారు. ఇప్పుడు కూలబడడం ఆయన వంతు.

కొంచెంసేపటికి సూది అందుకుని తన పోగులు విప్పడం మొదలుపెట్టారు. నేను సాయం చేయడానికి లేదు. రెండూ ఒకే రంగు ఊలు. ఆయన పోగనుకుని నా పోగు లాగానంటే శాలువ మొత్తం జారిపోతుంది. చీకటి పడీ పడకముందే కరెంటు పోయింది. తెల్లారాక మళ్ళీ కూర్చున్నారు. రిక్షాలో విప్పారు, బడి వరండాలో విప్పారు. నన్ను లోపలికి పిలిచేసరికి అంచు ఆకులు తెరుచుకున్నాయి గానీ, నడిమి భాగం పూడుకునే ఉంది.

ప్రసూనాంబ గారు మిగతా రెండూ చూసి తలూపారు. దీని దగ్గర ఆగిపోయారు.

"మధ్యలో ఇదేమిటి?"

"వీపుకు వెచ్చగా ఉంటుందని, మేడం. కొండ ప్రాంతాల పద్ధతి."

"నేను పదేళ్ళు సిమ్లాలో ఉన్నాను. ఇలాంటిది చూడలేదు." కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "ఆ రెండు అల్లిన చెయ్యి వేరు, ఈ చెయ్యి వేరు. ఎవరిచేత అల్లించారమ్మా?"

అల్లిక రాదని అంటారనుకున్నాను గానీ, దొంగనంటారని కలలో కూడా అనుకోలేదు. కాదని చెప్పబోయాను.

తలుపు దగ్గర దగ్గు వినబడింది. మామగారు ఎవరినీ అడక్కుండా లోపలికి వచ్చేశారు. శాలువ ఆమె ముందే పరిచి, సూదిమొనతో ఒక పోగు తప్పించి మెల్లగా లాగారు. ఒక చిల్లు తెరుచుకుంది. ఇంకొకటి. ఇంకొకటి. చూస్తుండగానే బల్ల మీద తమలపాకు ఒకటి విచ్చుకుంది. ప్రసూనాంబ గారు కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని, ఆ ఆకును పక్కనున్న అర్ధచంద్రంలోని ఆకుతో ఆనించి చూశారు.

"అల్లింది మీరేనమ్మా. సందేహం లేదు," అన్నారు. "సోమవారం వచ్చి చేరండి. అది సరే, ఇంత చక్కటి ఆకుల్ని పూడ్చిందెవరు?"

"పక్కింటావిడ, మేడం," అన్నాను వెంటనే. ముసలాయన పరువు నిలబడుతుంది కదా అని.

"పక్కింటామె గాదమ్మా," అన్నారు మామగారు. వరండాలో పిల్లలందరికీ వినబడేంత గట్టిగానే అన్నారు. "నేనే పూడ్సినాను. ఆ బిడ్డను ఒక్క మాట అడగలేదు. తప్పు నాది."