ముందు వరుసలో నలభై గడపలు

పరాయి దేశంలో, పాత ఇళ్లు బాగుచేయించే ఆఫీసులో ఇంటర్న్‌గా చేరిన మొదటి రోజే మా సీనియర్, "మనం మనం తెలుగువాళ్లం చెల్లెమ్మా!" అన్నాడు. ఆ చెల్లెమ్మే మూడు నెలలు ఒక అపార్ట్‌మెంట్‌లో నలభై గడపలు ఎక్కి దిగింది. పదకొండు దేశాలవాళ్ల వంటిళ్లలో కూర్చుని, సగం సైగలతోనే మాట్లాడి, వాళ్ల ఇళ్ల కష్టాలన్నీ రాసుకొచ్చి రిపోర్టు తయారుచేసింది. దాని మీద పేరు మాత్రం అన్నయ్యగారిది. అతను దాన్ని తిరగేసి చూసిన పాపాన పోలేదు.

అతను మా డైరెక్టరమ్మకి రిపోర్టు వినిపించే రోజున నేను ఆ నలభై ఇళ్లవాళ్లనీ పిలిచి ముందు వరుసల్లో కూర్చోబెట్టాను.

అతను గొంతు సవరించుకుంటుండగానే మూడో అంతస్తు అవ్వ లేచింది.

"మా ఇంటికొచ్చింది ఆ అమ్మాయి కదా! ఈయనెవరు?" అని మనవరాలి చేత అడిగించింది.

డైరెక్టరమ్మ అతనివైపు తిరిగింది. "ఈవిడ వంటింట్లో సమస్యేమిటో చెప్పండి."

అతను కాగితాలు కిందామీదా చేసి, చివరికి నావైపు వంగి, "చెల్లెమ్మా, కాస్త అందించమ్మా" అన్నాడు.

నేను కాలుమీద కాలేసుకున్నాను.

"మీ రిపోర్టే కదా అన్నయ్యా, మీరే చెప్పండి."