కొరుకుడు ఎవరి పోలిక?

మందుల షాపులో ఆమె మాత్రల అట్టలు సర్దుతుండగా ఫోన్ మోగింది. కూతుర్ని పగలు వదిలే క్రెష్ టీచర్ నంబరు చూడగానే అట్టలు పక్కన పడేసి ఎత్తింది.

“మళ్ళీనా మేడమ్?”

“మళ్ళీనే. ఈసారి గుండుగాడి బుగ్గ. ఒకసారి రండి.”

ఆమె కూతురికి రెండేళ్ళు నిండి కొన్ని నెలలైంది. నిన్నమొన్నటి దాకా అందరికీ బుజ్జితల్లే. క్రెష్‌లో చేరి ఒకరి మోచెయ్యి, ఇంకొకరి భుజం కొరికాక చిట్టెలుక అయింది. ఆ పేరు పెట్టింది తండ్రే. పెట్టినప్పుడు అందరూ నవ్వారు గానీ ఇప్పుడెవరికీ నవ్వు రావడం లేదు.

ఆమె వెళ్ళేసరికి గుండుగాడు బుల్లి కుర్చీలో కూర్చుని అరటిపండు తింటున్నాడు. ఎండాకాలమని వాడికి నున్నగా గుండు చేయించారు. బుగ్గ మీద అర్ధచంద్రంలా పంటిగాట్లు ఎర్రగా దిగి ఉన్నాయి. వాడు మాత్రం ఆ ధ్యాసలోనే లేడు. వెక్కివెక్కి ఏడుస్తున్నది చిట్టెలుక! టీచర్ కేకలేసినందుకు బిక్కచచ్చిపోయి తల్లి మెడకు కరుచుకుపోయింది.

గుండుగాడి తల్లి కూడా ఇంట్లో పసిగుడ్డుని వదిలి వచ్చింది. గయ్యాళి కాదు, కానీ బిడ్డ బుగ్గ చూసి ఆవిడ కళ్ళు చెమర్చాయి. “పిల్లలన్నాక తోసుకుంటారు, కొట్టుకుంటారు. కాదననండీ. కానీ ఈ కొరకడం ఏంటి? ఇంట్లో ఎవర్ని చూసి నేర్చుకుంది?”

చిట్టెలుక తల్లి క్షమించమని అడిగి, తలవంచుకుని ఇంటిదారి పట్టింది. ఇంకొక్కసారి జరిగితే పిల్లని కొన్నాళ్ళు ఇంట్లోనే ఉంచుకోవాల్సి ఉంటుందని బయల్దేరేముందు టీచర్ మెత్తగానే చెప్పింది.

ఇంట్లో నాయనమ్మ ఎప్పుడూ ఉండేదే. మోకాలి వైద్యం కోసమని అమ్మమ్మ కూడా వచ్చి ఉంది. వియ్యపురాళ్ళిద్దరికీ మంచి స్నేహమే, అభిప్రాయాలు కలిసిన రోజు మాత్రం ఇంతవరకూ రాలేదు. బస్సు డ్రైవరైన తండ్రి డ్యూటీ దిగి వచ్చేసరికి హాల్లో వాదన మరిగిపోతోంది.

“నేర్పితే వచ్చేవి కాదు వదినగారూ ఇవి,” అంటోంది నాయనమ్మ. “పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ...”

“శుభమా అని పసిపిల్లని పట్టుకుని పుడకలంటారేంటండీ!” అమ్మమ్మ విరుచుకుపడింది. “మొక్కై వంగనిది మానై వంగుతుందా? పెంపకంలోనే ఉంటుంది అంతా. ఆ క్రెష్‌లో ఎవడో కొరికుంటాడు, ఇది పట్టేసింది.”

“అసలు మొదలుపెట్టిందే ఇది, అత్తయ్యగారూ,” అన్నాడు తండ్రి నీళ్ళు నములుతూ.

“అయితే మీ పోలికే. మావైపు అందరూ సాధువులు.”

“నీ చిన్నప్పుడు పిన్ని జడ పట్టుకుని వీధంతా ఈడ్చిన సాధువెవరమ్మా?” అని చిట్టెలుక తల్లి అడిగేసరికి అమ్మమ్మకి ఉన్నట్టుండి మోకాలి నొప్పి గుర్తొచ్చింది.

ఆమె పిల్లని స్నానానికి తీసుకుపోయింది. నీళ్ళు చిమ్ముకుంటూ కిలకిల నవ్వుతున్న నోట్లోకి వంగి చూసింది. బియ్యపు గింజల్లాంటి పళ్ళు. వీటి వెనక అంత కోపం ఎక్కణ్ణించి వచ్చింది? తను అరిచిందా ఎప్పుడైనా? ఆయన కొట్టాడా? ఎంత వెతుక్కున్నా ఏమీ దొరకలేదు. దొరక్కపోవడమే ఎక్కువ భయంగా అనిపించింది. మనం నేర్పింది కాకపోతే, పిల్ల లోపలే ఏదైనా ఉందా?

మర్నాడు ఆదివారం. అందరూ హాల్లో ఉండగా చిట్టెలుక అమ్మమ్మ ఒళ్ళోకి ఎక్కి, ఆవిడ మణికట్టు మీద లటుక్కున కొరికింది.

“అమ్మో!”

“ఇలా కాదు,” అంటూ నాయనమ్మ కొంగు బిగించింది. “తనకి నొప్పి తెలిస్తేనే ఎదుటివాళ్ళ నొప్పి తెలుస్తుంది. ఇటివ్వండి దాన్ని.” పిల్లని ముందు నిలబెట్టుకుని, కళ్ళు పెద్దవి చేసి, ఆ బుల్లి చెయ్యి పట్టుకుని పంటితో చిన్నగా నొక్కింది.

అందరూ పిల్ల ఇల్లెగిరిపోయేలా ఏడుస్తుందనుకున్నారు.

చిట్టెలుక ముఖం వెలిగిపోయింది. పకపకా నవ్వి రెండో చెయ్యి కూడా చాపింది. “ఇదీ తిను నానమ్మా! ఇదీ!”

నాయనమ్మ బిత్తరపోయింది. పిల్ల ఊరుకోలేదు. గౌను ఎత్తి పొట్ట చూపించి తండ్రి దగ్గరికి పరిగెత్తింది. “నాన్నా, బొజ్జ తిను! హామ్ హామ్!” అక్కణ్ణించి అమ్మమ్మ ముందు కూలబడి పాదం పైకెత్తింది. “వేలు తిను!”

చిట్టెలుక తల్లి చేతిలోని దువ్వెన కింద పడింది.

“ఆగండాగండి. ఏమండీ, మీరు డ్యూటీ నుంచి రాగానే ఏం చేస్తారు?”

“ఏం చేస్తాను? బొజ్జ మీద ముఖం పెట్టి హామ్ హామ్‌మని...” మాట మధ్యలో ఆగిపోయాడు.

“అమ్మా, నువ్వు?”

“కాలివేళ్ళు కొరుకుతా,” అంది అమ్మమ్మ గొణుగుతూ. “ముద్దొచ్చి.”

“నేను బుగ్గలు,” అని నాయనమ్మ తనే ఒప్పేసుకుంది.

“నేనైతే రోజూ పొద్దున్నే ‘నిన్ను కొరుక్కుతినేస్తా’ అంటూనే లేపుతాను!” ఆమె నేలమీద కూర్చుండిపోయింది, ఏడుపూ నవ్వూ కలిసిపోయి. “దీనికి కోపం కాదండీ. ప్రేమొస్తే కొరకాలనుకుంటోంది. మనందరం కలిసి నేర్పాం!”

తండ్రి అద్దం ముందుకెళ్ళి తన చేతినే కొరుక్కుని చూశాడు. “ఇదిగో, మనం పెదాలు లోపలికి మడిచి పళ్ళు దాచుకుంటాం. ఆ సంగతి దానికెవరు చెప్పారు? హామ్ మనది, పళ్ళు దానివి.”

ఆ పూటే ఇంట్లో కొరుకుడు నిషేధమైంది. నిషేధం మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు. భోజనాలయ్యాక పిల్ల బుగ్గల నిండా పెరుగు పూసుకుని నవ్వితే, నాయనమ్మ తెలియకుండానే వంగి నోరు తెరిచింది. “అత్తయ్యా!” అని కోడలు కేకేసింది. దొరికిపోయిన ఆవిడ, తెరిచిన నోరు ఏం చేసుకోవాలో తెలియక, ఆ బుగ్గకి పెదాలు ఆనించి బుర్రుమని ఊదింది. పెరుగు గోడదాకా చిందింది. చిట్టెలుక నవ్వి నవ్వి పొర్లింది.

దాంతో దారి దొరికింది. ఇంటిల్లిపాదీ ఊదడం మొదలుపెట్టారు. తండ్రి బొజ్జ మీద బస్సు హారన్ మోగించాడు. అమ్మమ్మ అరికాలి మీద ఊది, అలిసిపోయి, మళ్ళీ ఊదింది. ముద్దొస్తే బుర్రు, హామ్ మాత్రం అరటిపండుకే అని చిట్టెలుకకి పూటపూటా చెప్పారు. సోమవారం తల్లి క్రెష్‌కి వెళ్ళి టీచర్‌కీ, గుండుగాడి తల్లికీ జరిగింది జరిగినట్టు చెప్పింది. సిగ్గుతో ముఖం కందిపోయినా ఏదీ దాచలేదు.

గుండుగాడి తల్లి మెల్లగా, “నేనూ మావాడి చెవి కొరుకుతానండీ,” అంది.

వెంటనే మాయేమీ జరగలేదు. బుధవారం చిట్టెలుక మళ్ళీ ఒక భుజం దాకా నోరు తెచ్చింది. టీచర్ “బుర్రు!” అని అరిచేసరికి ఉలిక్కిపడి ఊదింది. మరికొన్నాళ్ళకి చెప్పకుండానే ఊదసాగింది. క్రెష్‌లో పిల్లలందరూ ఆ విద్య పట్టేశారు. మధ్యాహ్నాలు అదొక హారన్ల కార్ఖానా అయిపోయిందని, తన చీరంతా ఉమ్మేనని టీచర్ ఫిర్యాదు చేసేది. ఫిర్యాదు చేస్తూ నవ్వేది.

వానలు మొదలయ్యాక ఒక ఆదివారం గుండుగాడి తల్లి వాళ్ళింటికి వచ్చింది, చేతుల్లో గుండుగాడి చెల్లెలు, మూడు నెలల చంటిదానితో. చిట్టెలుక దగ్గరికొచ్చి ఆ బుగ్గల్ని కళ్ళార్పకుండా చూసింది. చిట్టెలుక తల్లి కాళ్ళు వాటంతటవే ముందుకి కదిలాయి.

“రానివ్వండి,” అంది గుండుగాడి తల్లి, చంటిదాన్ని ఇంకాస్త కిందికి దించుతూ.

చిట్టెలుక రెండు చేతులూ వెనక్కి కట్టుకుని వంగింది. పెదాలు ఆనీ ఆననట్టు పెట్టి, ఈకని ఎగరేసినంత నెమ్మదిగా ఊదింది. చంటిది ఒక్క క్షణం ఆలోచించి, నోరంతా తెరిచి, బోసినవ్వు నవ్వింది.