గదిలో ఎండ

సన్‌బెడ్ అద్దం మీది చెమట మరకలను ఫెబి గుడ్డతో గుండ్రంగా తుడుస్తోంది. ఐర్లండ్‌లో డండాక్ అనే ఊళ్లోని ఆ చిన్న పార్లరులో తెల్లవాళ్లు ఆ పడకలలో దీపాల కింద పడుకుని చర్మాన్ని గోధుమరంగుకు తెచ్చుకుంటారు. వారు లేచి వెళ్లాక శుభ్రం చేయడం ఆమె పని. విశాలమైన భుజాలు ఆమెవి. ఏళ్ల తరబడి వృద్ధాశ్రమంలో ముసలివాళ్లను ఎత్తి దింపిన నడుము మొరాయించడంతో ఈ తేలికపనిలో చేరింది.

రబ్బరు తొడుగుల లోపల ఆమె చేతులు మణికట్ల దాకా తెల్లబారి ఉన్నాయి. బొల్లి. అంటేది కాదు, నొప్పి పెట్టేదీ కాదు. శరీరం తన రంగుకణాలను తానే పరాయివిగా ఎంచి చంపుకోవడం, అంతే. అయితే అక్కడి తెలుగు క్రైస్తవ సంఘంలో ప్రభువు బల్ల ఆరాధనకు, అందరికీ పంచే పులియని రొట్టె చేసేది ఫెబి. క్రిస్మస్ ముందు పాస్టరమ్మ ఆమెను పక్కకు పిలిచింది.

"అక్కా, ఇక రొట్టె మా అమ్మాయి ప్రెయిస్ చేస్తదిలే. నువ్వు కాస్త రెస్ట్ తీసుకో."

"నేనేం అలిసిపోలేదమ్మా."

"అది కాదక్కా... అందరూ తినేది గదా."

ఆసుపత్రిలో కాంతి చికిత్సకు వరస వచ్చే ఏడాదికి గాని రాదని జీపీ, అంటే వాళ్లు మామూలుగా చూపించుకునే డాక్టరు, చెప్పాడు. ఒంగోలు నుంచి అక్క, బొల్లికి నాటువైద్యంలో వాడే బావంచాల గింజల నూనె, చూర్ణం పంపింది. నూనె రాసుకుని, చూర్ణం మజ్జిగలో తాగి, పొద్దుటెండలో కూర్చోమంది. జనవరిలో డండాక్‌లో ఎండ ఎక్కడిది? ఆసుపత్రిలోనూ దీపాలే, ఇక్కడా దీపాలే అనుకుంది ఫెబి. ఆ తర్కంలో సగం నిజమే. కానీ బావంచాలు ఒంట్లో చేరాక చర్మం అతినీల కాంతికి అనేక రెట్లు లొంగిపోతుంది. అందుకే అలాంటి మందు ఇచ్చినప్పుడు ఆసుపత్రిలో ఆ కాంతిని క్షణాల లెక్కన ఇస్తారు. పైగా కాలిన సంగతి వెంటనే తెలియదు. ఒకటి రెండు రోజులకు గాని బయటపడదు.

నూనె రాసుకుని, చూర్ణం తాగి నిన్న ఆ పడకలో కాసేపు పడుకుంటే ఏమీ కాలేదు. కనుక ఈ శుక్రవారం ఇంకాస్త ఎక్కువసేపు కావాలంది.

"నీ రంగు కోసం మేమంతా డబ్బు తగలేస్తుంటే, నీకెందుకమ్మా ఇది?" పార్లరు నడిపే షానా ఇంగ్లీషులో అడిగి నవ్వింది.

"చలికి, మేడమ్."

"గ్రాండ్," అని అక్కడి యాసలో సరేనంటూ షానా మీట నొక్కింది.

నీలి వెలుగులో ఫెబి అరచేతులు పైకి తిప్పి పడుకుంది. ఈ దేశం వచ్చాక అంత వెచ్చదనం ఆమె ఎరగదు.

సాయంత్రం, గిడ్డంగిలో పనిచేసే భర్త ఏలీయా తలుపు తీస్తూనే ముక్కు మూసుకున్నాడు.

"ఏందే ఈ కంపు? నాటుమందుల కొట్లోకి వచ్చినట్టుంది."

"మీ సాక్సుల కంటే నయంలే. ఇటు చూడండి, చేతులు ఎర్రబడ్డాయా?"

"ఆ, ఎర్రగానే ఉన్నయ్."

"రంగు తిరుగుతుంది. ఆదివారం చూపిస్తా పాస్టరమ్మకి."

తెల్లవారేసరికి కనురెప్పలు తెరుచుకోనంతగా ముఖం వాచింది. వీపున, కాళ్లపై, చేతులపై బొబ్బలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి నీరు కారుతున్నాయి. ఎమర్జెన్సీలో నర్సు రెండుసార్లు అడిగింది, మందులేమైనా వాడుతున్నారా అని.

"నో మెడిసిన్, సిస్టర్."

ఏలీయా కూడా తల అడ్డంగా ఊపాడు. వారు అబద్ధమాడలేదు. పెరటి గింజ మందుల లెక్కలోకి వస్తుందని వారికి ఎన్నడూ తోచలేదు. మామూలు సన్‌బెడ్ గాయమనే అనుకున్నారు డాక్టర్లు. అదైతే రెండో రోజుకు తగ్గుముఖం పడుతుంది. ఇది లోతుకు దిగింది. నూనె, చూర్ణం సంగతి ఏలీయా నోట బయటపడి, ఆమెను డబ్లిన్‌లోని కాలిన గాయాల విభాగానికి చేర్చేసరికి పుండ్ల విషం రక్తానికి ఎక్కింది. మరుసటి వారం ఒక మధ్యాహ్నం, అతను వరండాలో ఒంగోలుకు ఫోను చేస్తుండగా, ఫెబి ఊపిరి ఆగింది.

ఇంటికి వచ్చి టీకి పాల కోసం ఫ్రిజ్ తెరిచాడు. కింది అరలో గుడ్డ కప్పిన స్టీలు గిన్నె ఉంది. గుడ్డ తీశాడు. ఆ శుక్రవారం అతను నిద్రపోయాక, ఆదివారం ప్రభువు బల్లకని ఆమె కలిపిపెట్టిన రొట్టెపిండి. అంచుల వెంట ఎండి పగిలింది. నడుమ మాత్రం నాలుగు వేళ్ల గుంటలు అలాగే ఉన్నాయి.