ఖాళీ గడి

ఆపరేటరు కీబోర్డు మీది సుద్దపొడిని గుడ్డతో తుడిచి, నాలుగో తరగతి పరీక్ష కాగితాల కట్టను ముందుకు లాక్కొన్నాడు. ఆయన ఏనాడూ పాఠం చెప్పి ఎరుగడు. అయినా బడిలో అందరికీ కంప్యూటర్ మాస్టారే. వంగిన వీపు, మెడదాకా బిగించిన బొత్తాము, కళ్లద్దాల కాడకు చుట్టిన టేపు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆయన మీద ఫిర్యాదు లేదు; మెప్పూ లేదు.

ఆయన ఎక్కించే మార్కులను బట్టి ప్రోగ్రాము పిల్లల పేర్లకు రంగులు వేస్తుంది. మార్కులు తక్కువై ఎరుపు పడిన వారికి సాయంకాలం ఒక టీచరమ్మ విడిగా చదువు నేర్పుతుంది. పరీక్షకు రాని పిల్లల గడి ఖాళీగా వదిలితే తెర ముందుకు కదలదు. అందుచేత ఆ గడిలో తరగతి సగటు వేయడం ఆయనకు అలవాటు. పని ఆగకూడదు కదా.

కిటికీ చువ్వల అవతల రెండు కళ్లు పైకి లేచాయి. రోజూ వచ్చే పిల్లే. ఎత్తు చాలక, ఎక్కడినుంచో ఒక ఇటుక మోసుకొచ్చి కిటికీ కింద వేసుకొన్నది.

"సార్, సాయంత్రం క్లాసులో నా పేరొచ్చిందా?"

"నీది ఆకుపచ్చమ్మా. నీకెందుకా క్లాసు?"

"నాకు చదవడం రాదు సార్. రాదనే పరీక్షలు ఎగ్గొట్టా."

ఆయన వేలు మీట మీద ఆగింది.

"సరే, రేపు చూద్దాం. పో, గంట కొట్టేశారు."

గది ఊడుస్తున్న ఆయా నవ్వింది. "మీ శిష్యురాలు మళ్లీ హాజరా మాస్టారూ? జీతమిచ్చి కిటికీకి కాపలా పెట్టుకోండి!"

పాత మార్కులు దిద్దాలంటే పెద్ద టీచరు అనుమతి కావాలి, కారణమూ చెప్పాలి. ఆయన కట్టలోని తరువాతి కాగితం తీశాడు.

ఆ మధ్యాహ్నమే పిల్ల చెయ్యి పట్టుకొని తల్లి వచ్చింది.

"పేరు కొట్టేయండి సార్. చదవమంటే నిలబడి ఏడుస్తోందట, అందరూ నవ్వుతున్నారట. ఇంక రానంటోంది. నాతో కుట్టుపనికి తీసుకుపోతా."

"ఆకుపచ్చలో ఉన్న పిల్లండీ..."

"రంగులు మాకేం తెలుసు సార్."

పేరు తొలగించబోతే, కారణం అడిగే గడి దగ్గర తెర ఆగింది. 'ఇతరములు' అని నింపాడు. పేరు తొలగిపోయింది. తరగతి సగటు మాత్రం వీసమెత్తు కదలలేదు. ఏడాది పొడుగునా ఆ పిల్ల గడులలో ఉన్నది ఆ సగటే.

పొద్దు వాలాక ఆయన గదికి తాళం వేసి, కిటికీ పక్కగా నడిచాడు. మట్టిలో సగం దిగి, చిన్న పాదాల రాపిడికి నునుపెక్కి, ఇటుక అక్కడే ఉన్నది.