కీబోర్డు కింద గ్రహణం

నేను ఒక కీబోర్డును. ఏదో దూరదేశపు కర్మాగారంలో పుట్టాను. అచ్చులో నన్ను పోసిన క్షణాన గ్రహాలు ఎక్కడున్నాయో ఎవరూ రాసిపెట్టలేదు. అయినా బతుకు సజావుగానే సాగింది. మొదట ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో, పరీక్షా ఫలితాల కోసం హాల్‌టికెట్ నంబర్లు కొట్టే వేళ్ల తొందరను భరించాను. అది మూతపడ్డాక తెనాలిలో ఒక హేతువాద సంఘం కార్యాలయానికి చేరాను.

సంఘానికి ఒకటే కంప్యూటర్. అందులో విండోస్, లైనక్స్ అనే రెండు ఆపరేటింగ్ వ్యవస్థలూ కాపురముండేవి. బ్యాంకులో పదవీ విరమణ చేసిన కోదండపాణి గారు మొదటిదాని పక్షం. టెలిఫోన్ శాఖలో పనిచేసిన మీరావలి గారు రెండోదాని పక్షం. సాక్ష్యం లేనిదే దేన్నీ నమ్మని ఈ ఇద్దరూ, ఈ ఒక్క విషయంలో మాత్రం సాక్ష్యం కోసం ఆగేవారు కారు. నా మీద విండోస్ గుర్తున్న మీటపై మీరావలి గారు లైనక్స్ గుర్తైన పెంగ్విన్ బొమ్మ అతికించేవారు. కోదండపాణి గారు దాన్ని గోటితో గీకేసేవారు. ఎవరి సిద్ధాంతమూ అరగలేదు. నా మీటే అరిగింది.

సూర్యగ్రహణానికి ముందురోజు. గర్భిణులకు భయం లేదని, డాబాపైకి వచ్చి సురక్షితంగా చూడవచ్చని తెలిపే కరపత్రం సాయంత్రంలోగా వీధిలో పంచాలని కార్యదర్శి విశాలాక్షి గారి పట్టుదల. పక్కింటి సుభాషిణికి ఏడో నెల. గ్రహణం విడిచేదాకా చీకటి గదిలో కదలకుండా పడుకోవాలని అత్తగారి ఆజ్ఞ.

కోదండపాణి గారు విండోస్‌లో కరపత్రం టైపు చేశారు. ముద్రించబోతుంటే, అప్‌డేట్ జరుగుతోంది, ఆపవద్దు అంది తెర.

"చూశారా! సరిగ్గా పనివేళకే దానికి స్నానం గుర్తొస్తుంది," అన్నారు మీరావలి గారు.

"మీ దాంట్లో ప్రింటర్ పలకాలంటే హోమం చెయ్యాలి కదండీ!"

"వైరస్ రాదు, డబ్బులడగదు. ఇంకేం కావాలయ్యా?"

"పని కావాలి!"

ఆ మాటతో పాటు కోదండపాణి గారు విసిరిన చెయ్యి టీ గ్లాసుకు తగిలింది. టీ అంతా నాలోకి దిగింది. వేడి టీ ముందు రెండు వ్యవస్థలూ సమానమేనని ప్రయోగపూర్వకంగా తేలింది. కరపత్రం రాలేదు.

"వీధివాళ్ల మూఢనమ్మకాల సంగతి తర్వాత. ముందు మీవి వదిలించుకోండి," అన్నారు విశాలాక్షి గారు. నా మీటలన్నీ ఊడబెరికి, వెనకభాగం విప్పి, చిల్లులు మిగిలిన పైపలకను కడిగి, మరునాడు ఆరడానికి డాబాపై ఎత్తైన తీగకు కట్టారు.

గ్రహణం పట్టింది. వీధిలో ఒక్క తలుపూ తెరుచుకోలేదు. మావాళ్లిద్దరూ డాబాపైనే ఎడమొహం పెడమొహంగా కూర్చున్నారు. అప్పుడు నా కింద, సిమెంటు నేలపై, నా ప్రతి చిల్లూ అంచు కొరికినట్టున్న సూర్యుణ్ణి ఒకణ్ణి గీసింది. ఇందులో నా మహిమ ఏమీ లేదు. చిన్న రంధ్రం దాటిన వెలుగు సూర్యుడి ఆకారాన్నే చూపుతుంది.

"అమ్మాయ్ సుభాషిణీ!" ఇద్దరూ ఒకేసారి కేకేశారు. "పైకి చూడొద్దు! మా నేల చూడమ్మా, చాలు!"

పక్క డాబా తలుపు కిర్రుమంది. ఒక చెయ్యి పొట్టపై, ఒక చెయ్యి పిట్టగోడపై వేసి సుభాషిణి తొంగిచూసింది. వెనకే అత్తగారు.

"ఒసే, కడుపుతో ఉన్నదానివి, లోపలికి రావే!" అని చెయ్యి పట్టుకున్నావిడ అలాగే ఆగిపోయింది. "ఇదేంటే, నేలంతా నెలవంకలు!"

"చంద్రుడు కాదత్తయ్యా, సూర్యుడే," అని సుభాషిణి మావాళ్ల వైపు తిరిగింది. రోజూ గోడ అవతలి నుంచి అన్నీ విన్న పిల్ల. "బాగుంది బాబాయ్ గారూ! ఇంతకీ ఇది విండోసా, లైనక్సా?"

ఇద్దరూ నేల చూశారు. అత్తగారు పట్టుకున్న చెయ్యి వదల్లేదు. కానీ లాగనూ లేదు.

నన్ను మళ్లీ బిగించలేదు. మీటలు హార్లిక్స్ సీసాలో ఉన్నాయి, నేను గోడకు కొట్టిన మేకుకు వేలాడుతున్నాను. వచ్చే గ్రహణానికి వీధి మొత్తాన్నీ పిలవాలని ఆ ఇద్దరూ తేదీ, వేళ లెక్కగట్టడానికి కూర్చున్నారు. ఏ వ్యవస్థలో లెక్కగట్టాలన్నది ఇంకా తేలలేదు.