గడ్డం తీస్తే ఓడినట్టే

మూడేళ్ల పిల్లల్ని పద్నాలుగు మందిని ఒక గదిలో పోగేసి క్రిస్మస్ ఆటలు ఆడించవచ్చని మొదట ఎవరికి తోచిందో గానీ, ఆ మహానుభావుడు అలాంటి గదిలో ఒక్క పూట కూడా ఉండి ఎరగడు. పొద్దున తొమ్మిదింటికి మొదలుపెట్టిన టీచరమ్మకి పదకొండున్నరయ్యేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. దూది ఉండల్ని బకెట్లోకి విసరమంటే ఒకడు నోట్లో కుక్కుకున్నాడు. సాక్సులో చెయ్యి పెట్టి లోపల ఏముందో చెప్పమంటే ఒకతి చెయ్యి బయటికి తియ్యనే తియ్యనంది. గంటని చేతులు మార్చే ఆటలో గంట మొదటివాడి దగ్గరే ఆగిపోయింది, ఏడుపు మాత్రం అందరి చేతులూ మారింది.

“టీచరమ్మా, పన్నెండున్నరకి పెద్దవాళ్లొచ్చేస్తారు,” అంది ఆయా. “చెట్టుకి సగం నక్షత్రాలు కట్టనే లేదు. ఏం చేద్దాం?”

టీచరమ్మకి అప్పుడొక గొప్ప ఆలోచన వచ్చింది. గొప్ప ఆలోచనలు అలాంటప్పుడే వస్తాయి, కొంప ముంచడానికి.

పిల్లలందరికీ ఆయా ఒకే తాను గుడ్డలోంచి మోకాళ్లు దాటే ఎర్ర చొక్కాలు కుట్టింది. చెవుల దాకా ఎర్ర టోపీ, కాళ్లకి నల్లరంగు అట్ట బూట్లు, మొహానికి దారంతో కట్టిన దూది గడ్డం. పద్నాలుగు మంది బుల్లి క్రిస్మస్ తాతలు. టీచరమ్మ చప్పట్లు కొట్టి వాళ్లకి కొత్త ఆట చెప్పింది.

“తాతలు మాట్లాడరు. నోరు విప్పినా, గడ్డం తీసినా ఓడిపోయినట్టే. నేను ‘ఆట అయిపోయింది’ అనేదాకా ఎవరు నోరు మూసుకుని కూర్చుంటారో వాళ్లచేత చెట్టు మీద పెద్ద నక్షత్రం పెట్టిస్తా.”

“నేను పెడతా టీచర్! నేనే పెడతా! మా ఇంట్లో కూడా నేనే పెట్టా!” అని ఎగిరింది వసపిట్ట.

ఆ పిల్లకి ఆ పేరు ఊరికే రాలేదు. నిద్రలో తప్ప నోరు మూయదు. నిద్రలోనూ మూయదని వాళ్లమ్మ చెబుతుంది.

“నువ్వా?” అని నవ్వింది టీచరమ్మ. “రెండు నిమిషాలు ఉండగలవా? నీ వల్ల కాదులే తల్లీ.”

వసపిట్ట మొహం చిన్నబోయింది. రెండు చేతులూ నోటిమీద పెట్టుకుని గోడ పక్క బెంచీ మీద కూర్చుంది.

ఆట భలే పనిచేసింది. గది నిశ్శబ్దమైంది. టీచరమ్మ కుర్చీ ఎక్కి నక్షత్రాలు కట్టడం మొదలుపెట్టింది. ఒకడు నవ్వి ఓడిపోయాడు. ఒకతి ఒంటేలు అని ఓడిపోయింది. ఒకడు తుమ్మి, తుమ్మడం మాట్లాడటమో కాదో అడిగి ఓడిపోయాడు. ఓడినవాళ్లు గడ్డాలు పీకేసి ఆయా వెంట రంగు కాగితాలు చింపడానికి పోయారు. చివరికి బెంచీ మీద ఇద్దరే మిగిలారు. ఒకరు వసపిట్ట. రెండోవాడు గుండుగాడు, వాడు మామూలు రోజుల్లోనే రోజుకి నాలుగు మాటలకి మించి ఖర్చుపెట్టడు.

ఆ బళ్లో పిల్లల్ని ఇళ్లకి పంపడానికి టీచరమ్మకి ఒక పద్ధతుంది. సంతకాలూ చీటీలూ ఆమె నమ్మదు. గుమ్మంలో తన మనిషి కనబడగానే పిల్లే “అమ్మా!” అనో “తాతయ్యా!” అనో కేక పెట్టి పరిగెత్తాలి. ఆ కేక వినబడితేనే గొళ్లెం తీస్తుంది. సంతకం ఎవడైనా పెడతాడు, ఆ కేక ఎవడు పెట్టించగలడు అంటుంది. తొమ్మిదేళ్లుగా అది ఒక్కసారి కూడా బెడిసికొట్టలేదు.

పన్నెండున్నరకి అమ్మలూ నాన్నలూ వచ్చారు. గడ్డాల్లేని పిల్లలు కేకలు పెట్టుకుంటూ పరిగెత్తారు. ఆ సందట్లో, తీసిన గొళ్లెం తీసినట్టే ఉండగా, గుండుగాడి తాత కూడా వచ్చాడు. ముప్పైయేళ్లు పోస్ట్‌మాన్‌గా చేసి, ఒక్క ఉత్తరం కూడా తప్పు గుమ్మంలో వెయ్యలేదని చెప్పుకునే మనిషి. బెంచీ పైన గోడకి, చేప బొమ్మ ఉన్న కొక్కేనికి తన మనవడి సంచీ ఉంది. దాన్ని భుజానికి తగిలించుకుని, సరిగ్గా దాని కిందే కూర్చున్న బుల్లి తాత చెయ్యి పట్టుకున్నాడు.

“పదరా పెద్దమనిషీ. వస్తాం టీచరమ్మా!”

“మంచిది తాతగారూ!” అంది టీచరమ్మ, నోట్లో దారం ముక్కతో, వెనక్కి తిరక్కుండానే.

ఒంటిగంటకి వసపిట్ట అమ్మ వచ్చింది. బస్సు కండక్టరు. డ్యూటీ దిగి నేరుగా వచ్చింది, ఖాకీ చొక్కా విప్పలేదు, ఈల ఇంకా మెళ్లోనే ఉంది. గదిలో బెంచీ మీద ఒక్క గడ్డమే మిగిలింది. టీచరమ్మ సంబరం అంతా ఇంతా కాదు.

“రండి రండి, ఈ వింత చూడండి! మీ అమ్మాయి గంట నుంచి నోరు విప్పలేదు!”

“మా పిల్లా?” అని పగలబడి నవ్వింది కండక్టరమ్మ. “దిష్టి తియ్యాలి దీనికి! ఏమే, మూగనోము పట్టావా?”

మోకాళ్ల మీద కూర్చుని గడ్డం కిందికి లాగింది. ఆమె నవ్వు అలాగే మొహం మీద ఉండిపోయింది.

“టీచర్, ఇది మా పిల్ల కాదు.”

టీచరమ్మ వంగి చూసింది. గుండుగాడు. గుండ్రటి కళ్లతో ఆమెనే చూస్తున్నాడు. టీచరమ్మ వెర్రిదానిలా వాడి టోపీ కూడా తీసి చూసింది, దాని కింద వసపిట్ట ఉంటుందన్నట్టు. నున్నటి తల కనిపించింది.

“నా కూతురేది?” అంది కండక్టరమ్మ.

ఆయా బాత్రూమ్ చూసింది, వంటగది చూసింది, చెట్టు వెనకా చూసింది. కండక్టరమ్మ ఈల తీసి గట్టిగా ఊదింది. అది ఎందుకు ఊదిందో ఆమెకే తెలియదు. ఎవరూ పలకలేదు.

“నాన్నా, మీ తాతయ్య రాలేదా?” అని గుండుగాడిని అడిగింది టీచరమ్మ.

“వచ్చాడు. దాన్ని తీసుకెళ్లిపోయాడు.”

“చూశావా? మరి చెప్పలేదేంరా?”

“మాట్లాడితే ఓడిపోతాంగా,” అన్నాడు వాడు.

పరాయి మనిషి చెయ్యి పట్టుకుని లాక్కుపోతుంటే, ఊరంతా వినబడేలా అరవగల పిల్ల నోరు మూసుకుని వెళ్లింది. తనే మూయించింది. తొమ్మిదేళ్లుగా తను నమ్ముకున్న ఆ ఒక్క కేకనీ తన చేతులతోనే దూది పెట్టి కట్టేసింది. పైగా నీ వల్ల కాదులే అని రెచ్చగొట్టింది కూడా.

ఆయా తాతకి ఫోన్ చేసింది. మోగుతోంది, ఎత్తడం లేదు. టీచరమ్మ గుండుగాడిని ఆయాకి అప్పగించి, రిజిస్టర్‌లో ఇంటి నంబరు చూసి వీధిలోకి పరిగెత్తింది. కండక్టరమ్మ అప్పటికే ముందుంది.

“ఆయన మంచివాడేనా?” అని పరిగెడుతూనే అడిగింది.

“మంచివాడేనండీ. రోజూ వచ్చే మనిషే.”

“మంచివాడు కాకపోతే?”

ఆ తాత కాకుండా ఇంకెవడైనా వచ్చి చెయ్యి చాచినా ఆ పిల్ల అలాగే వెళ్లేది. ఆ మాట తోచగానే టీచరమ్మ ఇంకా జోరుగా పరిగెత్తింది. మందులషాపు దాటారు, సైకిల్ రిపేరు షాపు దాటారు. ఎర్రచొక్కా పిల్లని చూశారా అని టీచరమ్మ అడిగితే సైకిల్ మెకానిక్ నవ్వాడు.

“చూశానండీ. బుల్లి గడ్డం. ఏం కుదురైన పిల్లాడో, కిక్కురుమనకుండా పోతున్నాడు.”

కండక్టరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకోబోయింది. ఖాకీ చొక్కాకి కొంగెక్కడిది? చెయ్యి అలా గాల్లోనే ఆగిపోయింది.

రెండో సందులో మూడో ఇల్లు. తలుపు బార్లా తీసే ఉంది. గుమ్మం దగ్గరే చిన్న పీట మీద వసపిట్ట కూర్చుని ఉంది. టోపీ ఉంది, గడ్డం ఉంది, బూట్లున్నాయి. గడ్డం తడిసి ముద్దయి చెంపలకి అతుక్కుపోయి ఉంది. చాలాసేపు ఏడ్చింది, చప్పుడు కాకుండా. పక్కన పోస్ట్‌మాన్ తాత కుర్చీలో కూర్చుని బత్తాయి వలుస్తున్నాడు.

“చూడండమ్మా వీడి మొండితనం,” అన్నాడు తల ఎత్తకుండానే. “ఏడుస్తాడు గానీ ఎందుకో చెప్పడు. గడ్డం తీస్తానంటే చేతులు అడ్డం పెడతాడు. వాళ్లమ్మ వస్తేగానీ...”

కండక్టరమ్మ పిల్లని ఎత్తుకుని గడ్డం పీకేసింది. తాత చేతిలోని బత్తాయి జారి కింద పడింది.

“ఎవరీ పిల్ల? మావాడేడీ?” అని లేచి నిలబడ్డాడు. “మావాడేడమ్మా?”

“బళ్లో ఉన్నాడు తాతగారూ, క్షేమంగా ఉన్నాడు,” అంది టీచరమ్మ. ఆయన మళ్లీ కుర్చీలో కూలబడి, “నా మనవణ్ణి నేను చూసుకోలేదా? చెయ్యి పట్టుకుని నడిపించానే,” అని తన చేతిని తనే తిప్పి తిప్పి చూసుకున్నాడు.

“అమ్మా, బంగారం, భయపడ్డావా?” అని కండక్టరమ్మ కూతుర్ని ముద్దులతో ముంచెత్తుతోంది. “ఏదీ, మాట్లాడు. అమ్మని కదా. నాతో మాట్లాడవే!”

వసపిట్ట మాట్లాడలేదు. పెదాలు బిగించి, తల్లి భుజం మీదుగా టీచరమ్మ వైపే చూస్తోంది.

తల్లికి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. అర్థమయ్యాక టీచరమ్మ వైపు ఆమె చూసిన చూపుకంటే చెంపమీద కొట్టినా బాగుండేది.

“ఆట అయిపోయింది తల్లీ,” అంది టీచరమ్మ. “అయిపోయింది.”

పిల్ల ఊపిరి వదిలింది. బొంగురు గొంతుతో అడిగింది.

“నేను గెలిచానా టీచర్?”

గెలిచావంటే ఇంకోసారి కూడా ఇలాగే నోరు మూసుకుంటుంది. ఓడావంటే, ఇంతసేపు ఏడుపు మింగుకుని కూర్చున్న పసిదాన్ని ఇంకోసారి ఏడిపించినట్టు. టీచరమ్మ గుమ్మంలోనే నేలమీద కూర్చుంది.

“నాకు ఆట సరిగ్గా చెప్పడం చేతకాలేదమ్మా. తప్పు చెప్పాను. తెలియనివాళ్లు చెయ్యి పట్టుకుంటే అరవాలి. అరిచినవాళ్లే గెలిచినట్టు. ఇప్పుడు ఆడదామా? ఏదీ, అరు.”

“ఆ,” అంది వసపిట్ట, సన్నగా, తల్లిని చూస్తూ.

“అదా అరవడం? నేనొక పరాయిదాన్ని. ఇదిగో, నీ చెయ్యి పట్టుకున్నా. లాక్కుపోతున్నా. అరవ్వే!”

పిల్ల మొహం ఎర్రబడింది. ఇంతసేపూ లోపల కుక్కుకున్నదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. “అమ్మా!” అని ఒక్క కేక పెట్టింది. పక్కింటి కిటికీ తెరుచుకుంది. ఎదురింటివాళ్లు బయటికొచ్చారు. సైకిల్ మెకానిక్ పానా చేత్తో పట్టుకుని సందు మొగలోకి పరిగెత్తుకొచ్చాడు. వసపిట్ట మళ్లీ అరిచింది, ఇంకా గట్టిగా. పోస్ట్‌మాన్ తాత రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

“ఇంకా,” అంది టీచరమ్మ కళ్లు తుడుచుకుంటూ. “ఇంకా గట్టిగా.”