ఎడమవైపు కుర్చీ

ఎవరైనా తెలుగు తప్పు మాట్లాడితే కల్యాణికి అన్నంలో రాయి తగిలినట్టుంటుంది. దాన్ని తీసి కంచం అంచున పెడితే గాని తర్వాతి ముద్ద దిగదు.

విజయనగరంలో తెలుగు తీసుకుని బి.ఎ. చదివింది. పెళ్ళయి రాయ్‌పూర్ వచ్చిన కొత్తలో డబ్ల్యూఆర్ఎస్ కాలనీ చూసి ఎంతో సంతోషించింది. వ్యాగన్లు బాగుచేసే రైల్వే వర్క్‌షాపు, దాని చుట్టూ క్వార్టర్లు, ఏ వీధిలో నడిచినా ఒక తెలుగు ఇల్లు. అందరూ తాతల కాలంలో శ్రీకాకుళం నుంచో పార్వతీపురం నుంచో రైలెక్కి వచ్చినవాళ్ళే. కాని వాళ్ళు నోరు విప్పగానే ఆ సంతోషం సగమైంది. "పంఖా బంద్ చెయ్యవే." "నాకు నీంద్ వస్తంది." ఫ్యానుకి పంఖా, నిద్రకి నీంద్. కల్యాణి నవ్వుతూనే, మెత్తగానే సరిదిద్దేది. కొన్నాళ్ళకి ఆమె కనిపిస్తే ఇరుగుపొరుగు ఆడవాళ్ళు హిందీలోకి మారిపోయేవారు. అది మర్యాద అనుకుంది కల్యాణి.

"నీది రేడియో తెలుగు. ఇక్కడ సిగ్నల్ అందదు," అనేవాడు ఆమె భర్త ఈశ్వర్. అతను ఆ కాలనీలోనే పుట్టాడు, ఆ వర్క్‌షాపులోనే ఫిట్టరయ్యాడు.

లాక్‌డౌన్‌లో పిల్లల చదువులన్నీ ఫోన్లలోకి వచ్చిపడ్డాయి. ఆ తర్వాతి వేసవిలో కల్యాణికి ఆలోచన వచ్చింది. ఇక్కడి తెలుగు పిల్లలకి తెలుగు మాట్లాడడం నేర్పే ఆన్‌లైన్ కోర్సు పెడితే? ఖర్చు ఏముంది? ఫోనుంది, గొంతుంది, చదువుంది. పేరు కూడా పెట్టేసింది: "మన ఇంట మన తెలుగు".

పాఠాలు ముందు గదిలో తీసింది. గోడలు మోగకుండా తాడు కట్టి రజాయిలు ఆరేసింది. స్టూలు మీద గోధుమపిండి డబ్బా, దాని మీద ప్రెషర్ కుక్కర్, కుక్కర్ పిడికి రబ్బరు బ్యాండ్లతో కట్టిన ఫోను. అదే స్టాండు. చప్పుడు పడుతుందని మే నెలలో కూలర్ ఆపేసి, చెమటలు కారుతుండగా "అందరికీ నమస్కారం" అని చిరునవ్వు నవ్వేది. వర్క్‌షాపు సైరన్ కూస్తే మళ్ళీ మొదటినుంచి. ఒక్క మాట తడబడినా మళ్ళీ మొదటినుంచే. ఆ విషయంలో తనని తాను కూడా వదిలేది కాదు.

పాఠాలు బాగానే వచ్చాయి. చేరేవాళ్ళే లేరు.

శంకర్ నగర్‌లో ఉండే ప్రియదర్శిని, ఈశ్వర్‌కి చెల్లెలి వరస, పిల్లలకి ఫోను ద్వారా బొమ్మలు వెయ్యడం నేర్పుతుంది. ఆమెని సలహా అడిగింది.

"ప్రూఫ్ ఏది వదినా?" అంది ప్రియదర్శిని. "నువ్వెంత బాగా చెప్తావో ఎవడిక్కావాలి? నీ దగ్గర నేర్చుకున్న పిల్ల ఎలా మాట్లాడుతోందో చూపించు. అప్పుడు చూడు, లైన్ కడతారు."

"ఇంకా ఎవరూ నేర్చుకోలేదు కదా."

"ఇంట్లో చాందిని లేదూ?"

చాందిని ఉంది. తొమ్మిదేళ్ళ పిల్ల. ఇంట్లో తెలుగు వింటుంది, ఏది అడిగినా హిందీలోనే జవాబు చెబుతుంది. బడి ప్రభావం అని అందరికీ చెప్పేది కల్యాణి.

ఆ ఆదివారం పిల్లకి రెండు జడలు వేసి, పట్టు పరికిణీ కట్టి, ఫోను ఎదురుగా కూచోబెట్టింది. తను ఎడమవైపు కుర్చీలో, ఫోనుకి కనబడకుండా కూచుంది. ఒక్కో వాక్యం తను చెప్పడం, పిల్ల అప్పగించడం.

"నా పేరు చాందిని."

"నా పేరు చాందిని."

"నెల క్రితం నాకు తెలుగు రాదు."

"నెల క్రితం నాకు తెలుగు రాదు."

"ఇప్పుడు అమ్మ పాఠాలు విని గలగలా మాట్లాడుతున్నాను."

అది కూడా అంది. తర్వాత కల్యాణి ఉచితంగా దొరికే ఒక యాప్‌లో తన గొంతున్న ముక్కలన్నీ కత్తిరించి పారేసింది. మిగిలింది చాందిని ఒక్కతే, చిలకలా. ప్రతి వాక్యానికి ముందు పిల్ల కళ్ళు ఒక్క క్షణం ఎడమవైపు వెళ్ళి వచ్చేవి. అది కల్యాణికి కనిపించింది. ఎవరు చూస్తారులే అనుకుంది.

ఈశ్వర్ చూసి పకపకా నవ్వాడు. "పెళ్ళి పీటల మీద నేనూ ఇంతే. పంతులుగారు అన్నాడు, నేనన్నాను. మధ్యలో ఆయన 'కండువా సర్దుకో నాయనా' అన్నాడు. అదీ అనేశాను."

"అయినా పెళ్ళి చెల్లింది కదా!"

"అదే కదా నా ఖర్మ."

చాందిని మాత్రం నవ్వలేదు. "మమ్మీ, యే తో ఝూట్ హై నా?" అంది. అబద్ధం కదా అని.

"అబద్ధం కాదమ్మా, కాస్త ముందుగా చెబుతున్నాం. నెల తిరిగేసరికి నువ్వు నిజంగానే మాట్లాడతావుగా," అంది కల్యాణి. అంటున్నప్పుడు పిల్ల మొహంలోకి చూడలేదు. జడ విప్పుతున్నట్టు వెనక్కి తిరిగింది.

వీడియో రైల్వే వాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో పాకింది. భిలాయ్ నుంచి, బిలాస్‌పూర్ నుంచి ఫోన్లు వచ్చాయి. ఫీజు కట్టి చేరినవాళ్ళలో మందిర్ హసౌద్ నుంచి రంగనాయకమ్మ అనే పెద్దావిడ ఉంది. తన కోసం కాదు, ఆరేళ్ళ మనవడు మోహనకృష్ణ కోసం.

"ఆ బొట్టి ఏటమ్మా, సిలకే!" అంది ఫోనులో, చాందినిని మెచ్చుకుంటూ. "మావోడు నాతో ఒక్క ముక్క తెలుగు మాటాడ్డు. నాకు హిందీ వచ్చులే, ఈడకొచ్చి ఎన్నేళ్ళైందో. కాని కోపమొస్తే, ముద్దొస్తే హిందీ రాదమ్మా. ఆడికి ఆ రెండూ తెలీకుండానే నాను పోతానేమో."

కల్యాణి కళ్ళు చెమర్చాయి. "మీరు దిగులు పడకండి. నేర్పే పూచీ నాది," అంది.

ప్రారంభం రోజు వచ్చింది, అందరితో వీడియో కాల్. మంగళగిరి చీర కట్టుకుంది. కూలర్ ఆపింది. ఫోను తెరమీద గళ్ళు గళ్ళుగా తల్లులు, తండ్రులు, పిల్లలు. రంగనాయకమ్మ గడిలో ఆవిడ నుదురు, బొట్టు మాత్రమే కనిపిస్తున్నాయి. ఫోను అంత దగ్గరగా పెట్టుకుంది. కల్యాణి మాతృభాష గొప్పతనం గురించి రాసుకున్న నాలుగు మాటలు మొదలుపెట్టగానే ఆవిడ అడ్డం వచ్చింది.

"అది సరేగానీ, ముందు ఆ బొట్టిని పిలువమ్మా. మావోడు ఎదురుగా సూడాలి."

మిగతావాళ్ళు కూడా "అవునండీ, పాపని పిలవండి" అన్నారు. చాందినిని కూచోబెట్టక తప్పలేదు. కల్యాణి అలవాటుగా ఎడమవైపు కుర్చీలోకి జరిగింది.

"ఏటే తల్లీ," అంది రంగనాయకమ్మ, గొంతు నిండా బెల్లం నింపుకుని, "పొద్దున్న ఏటి తిన్నావు?"

అంతే ప్రశ్న. చాందిని చిరునవ్వు అలాగే ఉంది. కళ్ళు ఎడమవైపు తిరిగాయి. ఈసారి కళ్ళతో పాటు తల కూడా తిరిగింది. అందరూ చూస్తున్నారు. కల్యాణి పెదవులు కదిపీ కదపకుండా గొణిగింది: "ఇడ్లీ తిన్నానని చెప్పు."

పిల్ల ఫోను వైపు తిరిగి, గట్టిగా, స్పష్టంగా, ఒక్క అక్షరం పొల్లుపోకుండా అంది: "ఇడ్లీ తిన్నానని చెప్పు!"

ఒక గడిలో ఎవరో మగాయన కిసుక్కుమన్నాడు. రంగనాయకమ్మ నుదురు పక్కన ఓ చిన్న మొహం దూసుకొచ్చింది. "దాదీ! ఉస్‌కో భీ నహీ ఆతా!" ఈ అక్కకీ రాదు! వాడి మొహంలో ఎంత వెలుగు!

"నోరుముయ్యిరా," అంది రంగనాయకమ్మ. "కొత్తోళ్ళని సూసి పిల్ల సిగ్గుపడతంది. కాదా తల్లీ?"

ఆ మగాయన నవ్వు భరించవచ్చు. ఆవిడ వెనకేసుకురావడమే భరించలేకపోయింది కల్యాణి. "నెట్‌వర్క్ సరిగా లేదండీ, మళ్ళీ కలుద్దాం," అని ఫోను ఆపేసింది. తెరమీద నల్లగా తన మొహమే కనిపించింది. కూలర్ లేక ఆ మొహం చెమటలు కక్కుతోంది.

చాందిని పరికిణీ కుచ్చెళ్ళు పట్టుకుని నిలబడింది. తనేం తప్పు చెప్పిందో తెలీదు. నువ్వు చెప్పిందే కదా చెప్పాను అంది హిందీలో.

"ఇంట్లో ఇంత తెలుగు ఉండగా నీకెందుకు రాదే!" అని అరిచింది కల్యాణి.

పిల్ల ఏడవలేదు. నేల చూస్తూ నెమ్మదిగా అంది. "పహలే బోల్తీ థీ నా. ఆప్ హర్ బాత్ పే టోక్తీ థీ. హిందీ మే నహీ టోక్తీ."

ముందు మాట్లాడేదాన్ని కదా. నువ్వే ప్రతి మాటకీ ఆపి తప్పు పట్టేదానివి. హిందీలో అయితే పట్టవు.

కల్యాణికి గుర్తొచ్చింది. నిజమే, మాట్లాడేది. ఇంకా బడికి వెళ్ళని రోజుల్లో ఒకసారి గేటు దగ్గర్నుంచి రొప్పుతూ పరిగెత్తుకొచ్చింది. "అమ్మా, ఆవు వచ్చాడు! పెద్ద ఆవు వచ్చాడు!" పొయ్యి దగ్గర నిలబడి "వచ్చాడు కాదు, వచ్చింది. ఏదీ, చెప్పు," అంది తను. పిల్ల చెప్పింది, తడబడింది, మళ్ళీ చెప్పించింది తను. సరిగ్గా వచ్చేదాకా చెప్పించి, అప్పుడు చెయ్యి పట్టుకుని బయటికి వస్తే ఆవు లేదు. పిల్ల ఖాళీ గేటు వంక చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు తను సంతోషపడింది, మాట సరిగ్గా వచ్చిందని.

రాళ్ళు ఏరే ధ్యాసలో, పిల్ల కంచం ముందు నుంచి ఎప్పుడు లేచిపోయిందో చూసుకోలేదు.

"నెట్‌వర్క్ అన్నావుగా, సరిపోయింది. ఛోడో, వదిలెయ్," అన్నాడు ఈశ్వర్. ఇంకో వీడియో తీసేద్దాం, నాలుగు రోజుల్లో అందరూ మర్చిపోతారు అంది ప్రియదర్శిని. నిజంగానే మర్చిపోయేవారేమో. సాయంత్రం రంగనాయకమ్మ ఫోను చెయ్యకపోయి ఉంటే.

"మీ నెట్‌వర్క్ బాగైనాదేటమ్మా? పిల్లని తిట్టలేదు కదా? ఎలాగుంది బొట్టి?"

దొంగకి అన్నం పెట్టి కాళ్ళు కడిగినట్టుంది ఆ పలకరింపు. కల్యాణి గోడకి ఆనుకుంది.

"నెట్‌వర్క్ బాగానే ఉందండీ."

"మరేటి?"

"ఆ వీడియోలో మాటలు దాని సొంతం కావు. నేను పక్కన కూచుని చెప్తే అప్పగించింది. నా గొంతు తీసేశాను. దానికి తెలుగు రాదండీ. నా వల్లే రాకుండా పోయింది."

పరవాలేదులే అంటుందని కల్యాణి ఎక్కడో లోపల ఆశపడింది. ఆవిడ అనలేదు.

"నాను రోజూ ఆ బొట్టిని సూపించి మావోణ్ణి తిట్టినానమ్మా," అంది. "ఆ పిల్ల నెలలో నేర్సింది, నువ్వు మొద్దువిరా అని. ఆడు ఏడిసీవోడు. ఇప్పుడాడికి నాను ఏటి సెప్పాలి?"

ఆ ఫోను పెట్టేశాక కల్యాణి వాట్సాప్ గ్రూపు తెరిచింది.

వీడియో తీసేసింది. గ్రూపులో ఉన్నది ఉన్నట్టు రాసింది. అచ్చమైన తెలుగులో కాదు, అందరికీ అర్థమయ్యేట్టు హిందీ కలిపి రాసింది. అడిగినవాళ్ళకి ఫీజు వెనక్కి ఇచ్చేసింది. కొందరు మాటా పలుకూ లేకుండా గ్రూపులోంచి వెళ్ళిపోయారు. సంతలో ఎదురుపడ్డ పక్క వీధి అప్పలనరసమ్మ "ఏమ్మా మేడమ్, ఇడ్లీ తిన్నానని చెప్పనా?" అని నవ్వుతూ పోయింది. కల్యాణి కొత్తిమీర కట్ట వంక చూస్తూ నిలబడింది.

మళ్ళీ ఆదివారానికి తెరమీద గళ్ళు తగ్గిపోయాయి. ఉన్నవాటిలో ఒకదాంట్లో నుదురు, బొట్టు.

"మావోడు గొడవ సేస్తే వచ్చినాను," అంది రంగనాయకమ్మ ముక్తసరిగా. "ఆ రాని అక్కతోనైతే మాటాడతాడంట."

చాందినిని అడిగింది కల్యాణి. ఇష్టం లేకపోతే వద్దంది. పిల్ల ఆలోచించి, ఇంట్లో వేసుకునే గౌనుతోనే వచ్చి కూచుంది. జడలు వేస్తానన్నా ఒప్పుకోలేదు. కల్యాణి ఈసారి కూలర్ ఆపలేదు. "మీరు మాట్లాడుకోండి," అని వంటింట్లోకి వెళ్ళి తలుపు వెనక నిలబడింది. అక్కడినుంచి ఏం చెప్పినా ముందు గదిలోకి వినబడదు. ఆ కూలర్ హోరులోంచి వాళ్ళ మాటలు మాత్రం, చెవి రిక్కిస్తే, అందుతున్నాయి.

"పొద్దున్న ఏటి తిన్నావే?"

చాందిని తల ఎడమవైపు తిరిగింది. తలుపు సందులోంచి కల్యాణికి కనిపిస్తూనే ఉంది. కుర్చీ ఖాళీగా ఉంది. పిల్ల ఆ కుర్చీ వంక చూసింది, ఫోను వంక చూసింది, వేళ్ళు ముడేసుకుంది.

"నేను... ఇడ్లీ... తిన్నాడు."

రాయి. పంటి కిందే పడింది. కల్యాణి చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎన్ని తిన్నావేటి?"

"తీన్. కాదు... మూడు!"

"మైంనే చార్! నాను నాలుగు తిన్నాడు!" అని ఫోనులోంచి పిల్లాడి గొంతు.

"ఓర్నాయనో, ఇద్దరూ తిండిపోతులే!" అంది రంగనాయకమ్మ. ఆ గొంతులో మళ్ళీ బెల్లం. కాని అది పిల్లల కోసం.

చాందిని నవ్వింది. సరిగ్గా అన్నానా అని తల్లి కోసం అటూ ఇటూ చూసింది. బయటికి వెళ్ళి తల ఊపితే చాలు. కల్యాణికి ఆ మొహాల ముందుకు వెళ్ళడానికి మొహం చెల్లలేదు. చెంగు అలాగే పట్టుకుని, తలుపు వెనకే నిలబడిపోయింది.